జ్ఞానరాజు గారి ఏడు గంటల బ్యాచ్

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో మూడో అంతస్తులో ఉన్న మా ఇన్‌స్టిట్యూట్‌లో నేను కౌన్సెలర్‌ని. పేరు గొప్పగా ఉంటుంది గాని పని మామూలుదే. మెట్లెక్కి రొప్పుతూ వచ్చిన పిల్లల్ని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఏ కోర్సులో చేరాలో వాళ్ళకి తెలియకపోతే నేనే తేల్చి చెప్పాలి. అందరూ నన్ను అరుణా మేడం అంటారు. నాకు కోపం ఎక్కువని కూడా అంటారు. ఈ సందులో ఉన్న ఇన్‌స్టిట్యూట్లన్నిటిలో ఉచిత డెమో క్లాసులు విని, ఎక్కడా చేరకుండా చక్కా పోయేవాళ్ళని రోజూ చూస్తుంటే ఎవరికైనా కోపం వస్తుంది.

మా దగ్గర పైథాన్ అనే కంప్యూటర్ భాష చెప్పే జ్ఞానరాజు గారిది మెదక్. వాళ్ళ నాన్న మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. డిగ్రీ అయ్యాక ఈయన కోర్సు నేర్చుకుందామని అమీర్‌పేట వచ్చారు. కోర్సు అయింది, ఉద్యోగం రాలేదు. ల్యాబులో పిల్లల తప్పులు దిద్దే పనిలో కుదిరారు. ఒకరోజు జావా సార్ రాకపోతే "జర నువ్వు నడిపియ్" అని ఎవరో బోర్డు ముందుకు తోశారు. ఆ తర్వాత ఆయన ఆ బోర్డు వదల్లేదు. పొట్టి మనిషి, ఎప్పుడూ తెల్ల చొక్కా, జేబులో మూడు రంగుల మార్కర్లు. భార్య కరుణశ్రీ పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో నర్సు. ఆదివారం ఇద్దరూ చర్చిలో పాడతారు. ఆమె బాగా పాడుతుంది, ఈయన గట్టిగా పాడతారు.

ఇక్కడ ఫ్యాకల్టీ స్థాయి తెలుసుకోవాలంటే ఆయనకి ఏ టైము ఇచ్చారో చూస్తే చాలు. పొద్దున ఏడు గంటల బ్యాచ్ అన్నిటికంటే పెద్దది. ఉద్యోగం వెతుక్కునేవాళ్ళు వస్తారు, ఆఫీసుకి వెళ్ళేముందు నేర్చుకుందామని ఉద్యోగస్తులూ వస్తారు. ఆ బ్యాచ్ ఎవరిదైతే వాళ్ళ ఫొటోనే కింద మెట్ల దగ్గర ఫ్లెక్స్ మీద పెద్దగా వేస్తారు. మధ్యాహ్నం రెండు గంటల బ్యాచ్ అంటే అన్నం తిని కునికిపాట్లు పడేవాళ్ళ బ్యాచ్. ఏడు నుంచి రెండుకి మారిన ఫ్యాకల్టీ మళ్ళీ ఏడుకి వచ్చినట్టు నేను చూడలేదు. కొన్నాళ్ళకి బోర్డు మీద పేరు కూడా ఉండదు. జ్ఞానరాజు గారు పద్నాలుగేళ్ళుగా ఏడు గంటల మనిషి. పొద్దున ఆరున్నరకే వచ్చి బోర్డు తుడుచుకునేవారు.

ఆయన క్లాసుల్లో పేరున్న క్లాసు ఫైళ్ళ పాఠం. ప్రోగ్రాం ఆగిపోతే అందులో ఉన్న సమాచారమంతా పోతుంది. పోకుండా ఉండాలంటే ఒక పద్ధతిగా ఫైల్లో రాసుకోవాలి, రేపు మళ్ళీ చదువుకోవాలి. అందుకు ఫైలు తెరిచేటప్పుడే ఎందుకు తెరుస్తున్నామో ఒక అక్షరంతో చెప్పాలి. ఆర్ అంటే చదవడానికి. ఏ అంటే ఉన్నదాని చివర కొత్తది చేర్చడానికి. డబ్ల్యూ అంటే మొదటి నుంచి రాయడానికి. ఆ డబ్ల్యూతో ఫైలు తెరిచామంటే, మనం ఒక్క ముక్క రాయకముందే లోపలున్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. కంప్యూటర్ అడగదు, చెప్పదు. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఏ కొట్టబోయి డబ్ల్యూ కొట్టేవాళ్ళు. "ఏం భాయ్, తాళం తియ్యమంటే ఇల్లే కూలగొట్టినవ్?" అని ఆయన అనేవారు, క్లాసంతా నవ్వేది.

ఆ పాఠానికి ఆయన దగ్గర సొంత ఫైలు ఒకటి ఉండేది. మిగతా ఇన్‌స్టిట్యూట్లలో ఉద్యోగి నంబరు, జీతం అంటూ ఉత్తుత్తి పేర్లతో నడిపిస్తారు. ఈయన అలా చేసేవారు కాదు. ఆ రోజు ప్రతి విద్యార్థీ తాను రాసిన ప్రోగ్రాంతో ఆ ఫైలు చివర తన వరుస ఒకటి చేర్చాలి. పేరు, కామా, ఊరు, కామా, ఉద్యోగం వస్తే మొదట ఎవరికి ఫోన్ చేస్తావు. మూడు గడులు, అంతే. నల్గొండ అమ్మాయి ఒకతె మూడో గడిలో అమ్మకి, అమ్మమ్మకి అని రాసింది. మధ్యలో కామా పడేసరికి కంప్యూటర్ అమ్మమ్మని నాలుగో గడిలోకి తోసేసింది. "చూడుండ్రి, కోట్స్ పెట్టకపోతే ముసలామె బయటికి పోయింది" అని చూపించి, కామా ఉన్న మాటకి అటూ ఇటూ కోట్స్ ఎందుకు పెట్టాలో చెప్పారు. అప్పట్నుంచి ఆ పాఠానికి అదే ఉదాహరణ.

మా బావకి, వాడి నోరు మూయించడానికి అని ఒకడు రాశాడు. ఎవరికీ చేయను, నిద్రపోతాను అని ఇంకొకడు. జాన్ తర్వాత జాహ్నవి, ఆ తర్వాత జహంగీర్, కృష్ణానగర్‌లో ఉంటూ సినిమా వేషాల కోసం తిరిగి తిరిగి విసిగి కోర్సులో చేరినవాడు ఒకడు. ఏ బ్యాచ్‌నీ తీసేయలేదు, ఏ పేరునీ దిద్దలేదు. ఆ ఫైలు ఆయన బండి తాళాల గుత్తికి వేలాడే పెన్‌డ్రైవ్‌లో ఉండేది. క్లాసు అయ్యాక ఖాళీ హాల్లో కూర్చుని దాన్ని పైనుంచి కిందికి చదువుకునేవారు. ఎవరు ఏ కంపెనీలో ఉన్నారో నాకు చెప్పేవారు. అడక్కపోయినా చెప్పేవారు.

మంజూష కూడా ఆ ఫైల్లో ఒక వరుసే. అమలాపురం అమ్మాయి. ఆయన ఏడు గంటల బ్యాచ్‌లోనే నేర్చుకుని, కంపెనీలో మూడేళ్ళు పనిచేసి, కిందటేడు మా దగ్గరికి ఫ్యాకల్టీగా వచ్చింది. వచ్చిన రోజు స్వీట్ బాక్స్ తెచ్చి ముందు ఆయన చేతిలోనే పెట్టింది. ఆయన తీసుకుని "మంచిగ చెప్పు బేటా" అన్నారు. ఆ బేటా అన్న మాట ఆమె గురించి ఆయన నోట మళ్ళీ నేను వినలేదు.

ఎందుకంటే ఆమె నిజంగానే మంచిగా చెప్పింది. జ్ఞానరాజు గారు ఫైలు తెరిచి, వరుస వరుసా చదివి, కామా దగ్గర విరిచి, గడులు లెక్కపెట్టించి గంట తీసుకునే పనిని ఆమె ఒక్క లైన్‌తో చేసి చూపించేది. రెండో లైన్‌తో ఆ లెక్కలకి గ్రాఫ్ బొమ్మ గీసేసేది. సీఎస్‌వీ అనే ఈ కామాల పద్ధతి పాతబడిందని, కంపెనీల్లో ఎక్కువగా జేసన్ ఫైళ్ళే వస్తాయని చెప్పేది. గడుల లోపల గడులు, ఒక మనిషికి ఎన్ని ఫోన్ నంబర్లున్నా ఇమిడిపోతాయని తెరమీద విప్పి విప్పి చూపించేది. పిల్లలు నోళ్ళు వెళ్ళబెట్టి వినేవాళ్ళు.

మా ల్యాబుల్లోకి చెప్పులు వేసుకుని వెళ్ళకూడదు, గుమ్మం బయట విడవాలి. జ్ఞానరాజు గారు ఆమె హాలు ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా తల పైకెత్తి, చూపు మాత్రం ఆ చెప్పుల మీదికి దించేవారు. "గా నీలం చెప్పులు మొన్నటిదాంక నా హాలు ముంగట ఉండె" అన్నారు ఒకరోజు నా కౌంటర్ మీద మోచెయ్యి ఆనించి.

"నీలం చెప్పులు ఊళ్ళో ఒక్కరికే ఉంటాయా ఏంటి సార్?" అన్నాను.

"పట్టీ తెగితే పిన్నీసు పెట్టుకున్నడు మేడం. నాకు తెల్వదా?"

ఆయన వెళ్ళాక నేను వెళ్ళి చూశాను. పిన్నీసు ఉంది.

కింద జిరాక్స్ షాపులో మా ఫ్యాకల్టీ అందరి చేతిరాత నోట్సులూ కాపీలు తీసి అమ్ముతారు. ఎన్నో ఏళ్ళుగా అక్కడ పైన ఉండే కట్ట జ్ఞానరాజు గారిది. ఇప్పుడు దాని మీద మంజూష నోట్సు స్పైరల్ బైండింగ్ చేసి పెట్టారు. రోజూ సాయంత్రం ఈయన పెన్ను కొనే నెపంతో ఆ షాపులోకి వెళ్ళి, మాటల్లో పెట్టి తన కట్టని పైకి లాగి వచ్చేవారు. మర్నాటికి అది మళ్ళీ కిందికే పోయేది. జేబునిండా పెన్నులు పోగయ్యాయి.

అన్నిటికంటే ఆయన్ని కాల్చుకుతిన్నది ఒక్క ప్రశ్న. డెమోకి వచ్చిన ప్రతివాడూ అడిగే ప్రశ్నే. "సార్, మీకు రియల్ టైమ్ ఎక్స్‌పీరియన్స్ ఎన్నేండ్లు?" కంపెనీలో పనిచేశారా అని దాని అర్థం. మంజూష వచ్చేవరకు ఆయన నవ్వి దాటేసేవారు. ఇప్పుడు పక్క హాల్లో ఆ ప్రశ్నకి జవాబు ఉంది. ఈయన కంపెనీ గడప తొక్కలేదు. వందలమందిని ఆ గడప దాటించారు, అది వేరే సంగతి, అది ఎవరూ అడగరు.

"మీ ఆయనకి ఏమైందమ్మా?" అని కరుణశ్రీని ఒకసారి పంజాగుట్టలో కూరగాయల దగ్గర అడిగాను.

"కుళ్ళు మేడం" అంది ఆమె, బెండకాయ చివర విరిచి చూస్తూ. "బీపీ, షుగర్ ఏం లేవు, చూపించిన. ఉత్త కుళ్ళే. నిన్న అన్నం ముంగట కూసొని ఆ పిల్ల క్లాసు వీడియోకి ఎన్ని లైకులొచ్చినయో చూస్తుండు. ఫోను గుంజుకుంటే నా మీద ఎగిరిండు. ప్రార్థన చేసుకో, పోతదన్న. చేసుకున్నడు. చేసుకొని మళ్ళ చూసిండు."

ఇలా ఉండగా మా యజమాని చక్రపాణి గారు ఇద్దర్నీ గదిలోకి పిలిచారు. ఆయన ఒంగోలు మనిషి, మాట మెత్తన, లెక్క గట్టి. వచ్చే నెల నుంచి పైథాన్ ఏడు గంటల బ్యాచ్ ఒక్కరికే ఇస్తానని, రెండోవాళ్ళకి రెండు గంటలదని చెప్పారు.

"నేను తేల్చడం ఎందుకండీ, పిల్లలే తేలుస్తారు. సోమవారం పొద్దున ఇద్దరూ ఒకే టైముకి డెమో ఇవ్వండి. టాపిక్ కూడా ఒక్కటే, డేటా ఫైళ్ళు చదవడం, రాయడం. అరుణా మేడం దగ్గర ఎవరి పేరు చెప్పి ఎక్కువమంది చేరితే వాళ్ళది ఏడు."

మంజూష ఏదో అనబోయింది. జ్ఞానరాజు గారు ఆమె వైపు చూడకుండానే "సరే సార్, మంచిది" అని లేచారు. బయటికొచ్చి నా దగ్గర నీళ్ళు తాగారు. గ్లాసు కింద పెట్టాక "టాపిక్ నాదే మేడం. నా టాపిక్ మీదనే నాతోటి పోటీ పెట్టిండు" అన్నారు. సంతోషంతో అన్నారో, బాధతో అన్నారో తెలియలేదు. రెండూ అయ్యుండొచ్చు.

సోమవారం రెండు హాళ్ళూ నిండాయి. డెమో రోజు నేను వెనక గోడకి ఆనుకుని నిలబడతాను. ఎవరు రాసుకుంటున్నారు, ఎవరు ఫోన్లో ఉన్నారు చూసుకుంటే ఎవరు చేరతారో ముందే తెలుస్తుంది. మొదట మంజూష హాలు గుమ్మంలో నుంచుని, తర్వాత జ్ఞానరాజు గారి హాల్లోకి వచ్చాను. రెండింటికీ మధ్య చెక్క గోడే. అటు తుమ్మితే ఇటు వినిపిస్తుంది.

ఆయన ఆ రోజు బాగా చెప్పారు. కొత్త చొక్కా, గొంతు నిండుగా ఉంది. పెన్‌డ్రైవ్ పెట్టి, ఆర్‌తో తెరిచి, తన ఫైలుని తెరమీద చదివించారు. పేర్లు పైకి జరుగుతూ పోయాయి. "పద్నాలుగేండ్లు. గీ ఒక్కొక్క వరుస ఒక్కొక్క మనిషి. నేను ఇచ్చిన ఉదాహరణ కాదు, వాళ్ళు రాసుకున్నదే" అన్నారు. బావ నోరు మూయించేవాడి దగ్గర హాలంతా నవ్వింది. అమ్మమ్మ నాలుగో గడిలోకి పోయిన కథ చెప్తే ముందు బెంచీలో అమ్మాయి రాసుకోవడం ఆపి తెర వంకే చూసింది. ఈ హాలు చేరుతుంది అనుకున్నాను. నా లెక్క తప్పదు.

అప్పుడే పక్క హాల్లోంచి చప్పట్లు వినిపించాయి.

ఆయన మాట తడబడింది. మళ్ళీ అందుకున్నారు. బోర్డు మీద మూడు అక్షరాలు రాశారు. డబ్ల్యూతో తెరిస్తే ఏమవుతుందో ఇప్పుడు చూపిస్తానన్నారు. ఇది ఆయన ప్రతిసారీ చేసేదే. అందుకు పోయినా ఫరవాలేని వేరే ఫైలు ఒకటి ఉంటుంది. ముందు ఫైలు పేరు మార్చి, ఆ తర్వాత అక్షరం మారుస్తారు. ఎన్ని బ్యాచ్‌ల ముందు చేశారో లెక్కలేదు. కీబోర్డు మీద చెయ్యి పెట్టారో లేదో, అటునుంచి మళ్ళీ చప్పట్లు, ఈసారి ఈలలు కూడా. ఎవరో "వన్స్ మోర్ మేడం!" అని అరిచారు. జ్ఞానరాజు గారు ఆ చెక్క గోడ వంక చూశారు. మనిషిని చూసినట్టే చూశారు. చూపు తెరమీదికి తిప్పకుండానే ఒక అక్షరం కొట్టి, రన్ నొక్కేశారు.

తెరమీద ఏ తప్పూ రాలేదు. రాదు కూడా. చెప్పిన పని కంప్యూటర్ చేసింది.

"ఇప్పుడు చదువుదాం" అని ఆర్ పెట్టి మళ్ళీ నడిపారు. తెర ఖాళీ. ఇంకోసారి నడిపారు. ఖాళీ. అప్పుడు ఫైలు పేరు చూసుకున్నారు. మనిషి ముఖంలోంచి నెత్తురు దిగిపోవడం అంటారే, అది నేను ఆ పొద్దున చూశాను. రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నారు.

చివరి బెంచీలోంచి ఎవరో అడిగారు. "అన్నా, నిజంగనే పోయిందా? అందరియి?"

"పోయింది" అన్నారు ఆయన.

"మళ్ళ రాదా?"

"రాదు."

తర్వాత ఆ చివరి బెంచీవాడే లేచి నిలబడి "ఖతర్నాక్ అన్నా!" అని చప్పట్లు మొదలుపెట్టాడు. హాలంతా అందుకుంది. పాఠం కోసం తన పద్నాలుగేళ్ళ ఫైలుని కావాలనే తుడిచేశారనుకున్నారు! ఆయన నోరు తెరిచారు, మాట రాలేదు. ఆ మౌనం కూడా వాళ్ళకి పాఠంలో భాగంగానే కనిపించింది.

గుమ్మంలో మంజూష నిలబడి ఉంది. ఆమె డెమో అయిపోయినట్టుంది, వెనకాల ఆమె పిల్లలు కొందరు తొంగిచూస్తున్నారు. ఆమె కళ్ళు తెరమీద నుంచి ఆయన ముఖం మీదికి వచ్చి అక్కడే ఆగాయి. ఆమెకి అర్థమైపోయిందని నాకు తెలిసింది. ఒక్క మాట చాలు. "అయ్యో సార్, పేరు మార్చలేదా?" అని అమాయకంగా అన్నా సరిపోయేది, ఏడు గంటల బ్యాచ్ అక్కడికక్కడే ఆమె ఒళ్ళో పడేది.

ఆమె తన పిల్లల వైపు తిరిగింది. "చూశారుగా. మీకు డబ్ల్యూ జన్మలో గుర్తుండాలని సార్ ఏం చేశారో చూశారుగా. ఆ ఫైల్లో నేనూ ఉన్నాను. ఇలా చెప్పేవాళ్ళు అమీర్‌పేటలో ఇంకెవరూ లేరు" అంది. చప్పట్లు రెట్టింపయ్యాయి. జ్ఞానరాజు గారు ఆ చప్పట్లలో తల వంచుకుని నిలబడ్డారు. వాళ్ళు అది వినయమనుకున్నారు.

మధ్యాహ్నం వరకు నా కౌంటర్ దగ్గర ఊపిరాడలేదు. "ఆ ఫైలు తుడిచేసిన సార్ బ్యాచ్" అని అడిగి మరీ చేరారు. మంజూష హాల్లో కూర్చున్నవాళ్ళు కూడా కొందరు ఇటే రాయించుకున్నారు. చక్రపాణి గారు గదిలోంచి బయటికొచ్చి, ఎప్పుడూ లేంది జ్ఞానరాజు గారి భుజం మీద చెయ్యి వేశారు.

"అదరగొట్టారండీ! ఏడు మీదే. అయితే ఒక్క మాట, ఇక నుంచి ప్రతి డెమోలో అదే చేయాలి. ఏముంది, నాలుగు పేర్లు కొట్టి ఒక ఫైలు తయారుచేసుకోండి, తుడిచేయండి. ఏంటి, అంత నీరసంగా ఉన్నారు?"

"ఏం లేదు సార్" అన్నారు జ్ఞానరాజు గారు.

మా సిస్టమ్స్ చూసే విక్రమ్ ఆ పెన్‌డ్రైవ్ పట్టుకుని తనకి తెలిసిన విద్యలన్నీ ప్రయోగించాడు. ఏమీ రాలేదు. పాత కాపీ ఒకటి ల్యాబు కంప్యూటర్లో ఉండేదట, ఆ కంప్యూటర్లు తుక్కుకి పోయి చాలా కాలమైంది. ఇంకో కాపీ తీసి పెట్టుకోమని పిల్లలకి రోజూ చెప్పే మనిషి తను తీసుకోలేదు.

భోజనాల వేళ దాటాక మూడు టీలు తీసుకుని ఆయన హాల్లోకి వెళ్ళాను. ఆయన ఖాళీ తెర ముందు కూర్చున్నారు. నా వెనకే మంజూష వచ్చింది. ఆయన తల తిప్పలేదు.

"మీకెట్ల తెలిసింది?" అని అడిగారు. ఆమెని మీరు అనడం అదే మొదటిసారి. దూరం పెట్టడానికే అన్నారు.

"మీరు డబ్ల్యూ చూపించేటప్పుడు ముందు ఫైలు పేరు మారుస్తారు సార్. నాకూ అలాగే నేర్పారు. ఇవాళ పేరు మార్చలేదు."

"మరి అందరి ముంగట ఎందుకు చెప్పలె? బ్యాచ్ మీకే వస్తుండె. నాకు మీ దయ అక్కర లేకుండె."

టీ కప్పు అందుకోబోయిన మంజూష చెయ్యి ఆగిపోయింది. ఆమె మెత్తని పిల్ల అనుకున్నాను ఇన్నాళ్ళూ. కాదు.

"దయా? నాకు మీరంటే ఎంత కుళ్ళో తెలుసా సార్ మీకు?" అంది. "కంపెనీలో మూడేళ్ళు ఫైళ్ళే చదివాను, ఫైళ్ళే రాశాను. లక్షల వరుసలు. ఒక్క మనిషి పేరు కూడా గుర్తులేదు. ఒకరోజు పొద్దున వెళ్తే గేటు దగ్గర నా ఐడీ కార్డు పనిచేయలేదు. ఎందుకని అడిగితే మెయిల్ చూసుకోండి మేడం అన్నాడు సెక్యూరిటీ. అదీ నా రియల్ టైమ్ ఎక్స్‌పీరియన్స్. ఇక్కడ నా పిల్లలు ఫోన్లో నాకు ఐదు స్టార్లు పెట్టి వెళ్ళిపోతారు. మీకు వాళ్ళ పేరు, ఊరు, వాళ్ళ అమ్మమ్మని కూడా ఇచ్చి వెళ్ళారు. మీరు ఇక్కడ ఒక్కరే కూర్చుని ఆ ఫైలు చదువుకుంటుంటే తలుపు అద్దంలోంచి చూసి ఎన్నిసార్లు కడుపు మండిందో. నా దగ్గర అలాంటిది ఒక్కటి లేదు. అది పోయిందని వాళ్ళ ముందు చెప్పాలంటే నాకు నోరు రాలేదు."

జ్ఞానరాజు గారు ఇప్పుడు ఆమె వైపు తిరిగారు. ఆయన ముఖంలో వచ్చిన మార్పు చెప్తే మీరు నమ్మరు. పెదవి చివర చిన్న నవ్వు వచ్చింది. ఆపుకుందామన్నా ఆగలేదు. ఆయన ఇన్నేళ్ళ జీవితంలో ఆయన్ని చూసి ఒకరు అసూయపడటం అదే మొదటిసారి. కంపెనీ చూసొచ్చిన మనిషి, ఒక్క లైన్‌తో బొమ్మ గీసే మనిషి, తన ఫైలు చూసి ఏడ్చిందట! ఆ సంతోషం కళ్ళ వరకు వచ్చింది. అప్పుడు తెర వంక చూశారు. అక్కడ ఫైలు పేరు ఉంది, పక్కన సైజు సున్నా అని ఉంది. ముఖం మళ్ళీ చిన్నదైపోయింది.

ముగ్గురం కాసేపు టీ తాగాం. చక్రపాణి గారు గుమ్మంలోంచి తల పెట్టి "రేపటి డెమోకి ఫైలు రెడీయేనా?" అని అడిగి, జవాబు వినకుండా వెళ్ళిపోయారు.

జ్ఞానరాజు గారు కీబోర్డు దగ్గరికి లాక్కున్నారు. ఫైలు పేరు రెండుసార్లు చూసుకున్నారు. తెరిచే అక్షరం ‘ఏ’ పెట్టారు.

"నన్ను మొదటి వరుసలో వేసుకోండి సార్" అంది మంజూష.

ఆయన వేళ్ళు గాల్లో ఆగాయి. ఆలోచించారు. చాలాసేపే ఆలోచించారు. తర్వాత జ్ఞానరాజు, కామా, మెదక్, కామా అని కొట్టారు. పద్నాలుగేళ్ళలో ఆ ఫైల్లో తన పేరు ఆయన ఎప్పుడూ వేసుకోలేదు, అది ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళ ఫైలు అని. మూడో గడిలో కరుణశ్రీకి అని పెట్టి, ఏడు గంటల బ్యాచ్ వచ్చిందని ఆమెకి ఇంకా ఫోన్ చేయలేదని అప్పుడు గుర్తొచ్చి నాలుక్కరుచుకున్నారు.

"ఫస్ట్ నంబర్ నాది" అన్నారు మంజూషతో. "నువ్వు రెండు."

ఆమె నవ్వింది. "సరే సార్, రెండే."

"చెప్పు. పేరు మంజూష. ఊరు?"

"మీకు తెలుసు కదా సార్."

"నాకు తెలుసు. ఫైల్ల లేదు. చెప్పు."

"అమలాపురం" అంది ఆమె. ఆయన ఒక్కొక్క అక్షరం చూసుకుంటూ కొట్టారు.

మూడో వరుస దగ్గర కర్సర్ వెలుగుతూ ఆరుతూ ఉంది. నేను అక్కడే, వాళ్ళ వెనకాలే నిలబడి ఉన్నాను. పద్నాలుగేళ్ళుగా ఆ పిల్లలందర్నీ ఆయన హాల్లోకి పంపింది నేనే. ఇద్దరూ తెరలోకి వంగి జేసన్ మంచిదా, సీఎస్‌వీ మంచిదా అని వాదించుకోవడం మొదలుపెట్టారు. నాకూ ఒక ఊరుంది. ఎవరూ అడగలేదు. ఖాళీ కప్పులు తీసుకుని కౌంటర్ దగ్గరికి వచ్చేశాను.